ఆట మధ్యలో ఆరిపోయే పీసీకి ఏ టెస్టర్ పనికొస్తుంది?

గేమ్ పెడితేనే ఆరిపోయే పీసీతో చిక్కేమిటంటే, మిగతా రోజంతా అది బుద్ధిగా ఉంటుంది. యూట్యూబ్ నడుస్తుంది, ఎక్సెల్ నడుస్తుంది, రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టినా నడుస్తుంది. షాపుకు మోసుకెళ్తే అక్కడా నడుస్తుంది. "ఏం లేదన్నా, విండోస్ ఫార్మాట్ కొట్టినం, ఇగ మంచిగైతది" అంటారు. ఇంటికొచ్చి గేమ్ తెరిచిన ఇరవై నిమిషాలకు మళ్లీ టప్!

ఫార్మాట్‌కు డబ్బులు పోసేముందు ఇంట్లోనే చూసుకోవడానికి నెట్‌లో అందరూ చెప్పే సాధనాలు నాలుగు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 (లోపలి వేడి, వోల్టేజి చూపేది), ఓసీసీటీ (పీసీ మీద కావాలని లోడు పెట్టేది), ఫర్‌మార్క్ (గ్రాఫిక్స్ కార్డు మీద లోడు పెట్టేది) అనే మూడు సాఫ్ట్‌వేర్లు, ఆన్‌లైన్‌లో అమ్మే ఎల్‌సీడీ తెర ఉన్న ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలన్నిటికీ కరెంటిచ్చే పవర్ సప్లై) టెస్టర్ డబ్బా ఒకటి. తీర్పు ముందే చెప్పేస్తే: హెచ్‌డబ్ల్యూఇన్ఫో తప్పనిసరి, ఓసీసీటీ జాగ్రత్తగా వాడితే చాలా మంచిది, ఫర్‌మార్క్ ఈ జబ్బుకు దాదాపు అక్కర్లేదు, టెస్టర్ డబ్బా దండగ. ఎందుకో తెలియాలంటే, ఏది ఏం చూడగలదో కంటే ఏది ఏం చూడలేదో తెలుసుకోవాలి.

ముందు, ఎలా ఆరిపోతోంది?

ఏ సాఫ్ట్‌వేరూ దించకముందు గమనించాల్సింది ఇదే. ఆరిపోవడంలో మూడు రకాలున్నాయి, మూడింటికీ దారులు వేరు.

ఒకటి: కరెంటు తీసేసినట్టు మొత్తం ఆరిపోతుంది. ముందు పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా కదలదు. వెనక ఎస్‌ఎంపీఎస్ స్విచ్ గానీ గోడ స్విచ్ గానీ ఆఫ్ చేసి, పదిహేను ఇరవై సెకన్లు ఆగి ఆన్ చేస్తేనే లేస్తుంది. ఇది కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. ఎస్‌ఎంపీఎస్‌లో ఓవర్ కరెంట్, ఓవర్ పవర్, షార్ట్ సర్క్యూట్ లాంటి రక్షణలు ఉంటాయి. అవి ఒకసారి పడ్డాక తాళం పడినట్టు అలాగే ఉండిపోతాయి, లోపలికొచ్చే కరెంటు పూర్తిగా తీస్తేగానీ విడవవు. అంటే ఎస్‌ఎంపీఎస్ కావాలనే ఆపింది. అది బలహీనమైనా అయ్యుండాలి, లేదా దాని మీద పడిన లోడు నిజంగానే ఎక్కువైనా ఉండాలి.

రెండు: ఆరిపోయి తనంతట తానే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇందులో అనుమానితులు ఎక్కువ. బ్లూ స్క్రీన్ వచ్చి రెప్పపాటులో మాయమై ఉండొచ్చు. ప్రాసెసర్ లోపలి ఎర్రర్‌తో రీసెట్ అయ్యుండొచ్చు. ఒక్క క్షణం వోల్టేజి పడిపోయి ఉండొచ్చు. స్టార్ట్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని వెతికి, 'స్టార్టప్ అండ్ రికవరీ'లో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' దగ్గరున్న టిక్కు తీసేయండి. ఇకమీదట బ్లూ స్క్రీన్ వస్తే తెర మీద అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. టిక్కు తీసినా బ్లూ స్క్రీన్ కనిపించకుండా రీస్టార్ట్ అవుతుంటే, విండోస్‌కు ఏడవడానికి కూడా టైము దొరకలేదన్నమాట. అది హార్డ్‌వేర్ సంగతే.

మూడు: తెర నల్లబడుతుంది, కానీ ఫ్యాన్లు హోరుమంటూనే ఉంటాయి, ఒక్కోసారి గేమ్ శబ్దం కూడా వినిపిస్తూనే ఉంటుంది. ఇది ఆరిపోవడం కాదు. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే చేతులెత్తేసింది. కార్డు పవర్ కేబుళ్లు, స్లాట్‌లో కార్డు వదులవడం, డ్రైవరు, కార్డు లోపం ఇవీ చూడాలి. దీన్నీ మొదటి రకాన్నీ కలిపేసి చెప్పేవాళ్ల మాట నమ్మి చాలామంది ఎస్‌ఎంపీఎస్ అనవసరంగా మార్చేస్తారు.

విండోస్ చేతిలోని చీటీ

పీసీలో జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ ఉచితం, మీ దగ్గర ఇప్పటికే ఉంది. 'విండోస్ లాగ్స్'లో 'సిస్టమ్' తెరిస్తే ఎర్ర గుర్తుతో 'కెర్నల్-పవర్ 41' కనిపిస్తుంది. దాన్ని చూసి "కెర్నల్ పవర్ ఎర్రర్ వచ్చింది, ఎలా ఫిక్స్ చేయాలి" అని వెతకడం మొదలుపెడతారు. ఆ 41 జబ్బు పేరు కాదు. మళ్లీ ఆన్ అయ్యాక విండోస్ రాసుకున్న చీటీ అది: 'నేను సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆరిపోయాను' అని. గోడ ప్లగ్గు పీకినా అదే 41 వస్తుంది.

పనికొచ్చేది దాని లోపల ఉంటుంది. 'డీటెయిల్స్' ట్యాబ్‌లో 'బగ్‌చెక్ కోడ్' చూడండి. సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదు, కరెంటు వైపో హార్డ్‌వేర్ వైపో వెతకాలి. 278 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవరు స్పందించలేదని. 292 ఉంటే ప్రాసెసర్ హార్డ్‌వేర్ ఎర్రర్ చెప్పిందని. ఈ అంకెలు దశాంశంలో ఉంటాయి కాబట్టి నెట్‌లో వెతికేటప్పుడు హెక్సాలోకి మార్చుకోవాలి: 278 అంటే హెక్సాలో 116, 292 అంటే 124. అదే చోట 'పవర్‌బటన్ టైమ్‌స్టాంప్' సున్నా కాకుండా ఉంటే, హ్యాంగ్ అయినప్పుడు ఎవరో బటన్ నొక్కి పట్టుకుని ఆపారన్నమాట. ఇంట్లో పిల్లలుంటే ఇదీ చూసుకోండి.

41కి ముందూ వెనకా 'డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్' పేరుతో 18 నంబరు ఈవెంట్ ఉంటే కథ మారిపోతుంది. అది ప్రాసెసర్ వైపు చూపిస్తోంది. ఓవర్‌క్లాక్ (మామూలు కంటే వేగం పెంచడం), కర్వ్ ఆప్టిమైజర్ (రైజెన్ వోల్టేజి తగ్గించే సెట్టింగ్)లో ఇచ్చిన నెగెటివ్ విలువలు, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ప్రొఫైలు అన్నీ తీసేసి బయోస్ డీఫాల్ట్‌కు వెళ్లి చూడాలి.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో64: సాక్షి మంచిదే, కానీ కన్నార్పుతుంది

మార్టిన్ మాలిక్ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ సొంత వాడకానికి ఉచితం. ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ రకం దించుకుంటే చాలు. తెరిచేటప్పుడు 'సెన్సార్స్ ఓన్లీ' టిక్కు పెట్టండి, లేకపోతే వివరాల వరదలో మునిగిపోతారు.

ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'పోలింగ్ పీరియడ్'ను 2000 మిల్లీసెకన్ల నుంచి 500కు తగ్గించండి. తర్వాత కింద ఉండే లాగింగ్ బటన్ నొక్కి, ఫైలు ఎక్కడ పెట్టాలో చెప్పి, గేమ్ మొదలుపెట్టండి. పీసీ ఆరిపోయి మళ్లీ లేచాక ఆ ఫైలు ఎక్సెల్‌లో తెరవండి. మనకు కావాల్సింది ఆఖరి పది ఇరవై వరుసలే. చివరి ఒకటి రెండు సెకన్లు డిస్కుకు ఎక్కకముందే కరెంటు పోయి ఉండొచ్చు, అది మామూలే.

ఆ వరుసల్లో మొదట వేడి. ఇంటెల్ 12 నుంచి 14వ తరం ప్రాసెసర్లకు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు, రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95, 7800ఎక్స్3డీకి 89. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రాసెసర్ 95 తాకగానే ఆరిపోదు, వేగం తగ్గించుకుంటుంది. దాన్నే థ్రాటిల్ అంటారు. గేమ్ నత్తనడక నడుస్తుంది గానీ పీసీ ఆగదు. వేడి వల్ల నిజంగా ఆరిపోవాలంటే థ్రాటిల్ కూడా ఆపలేనంత వేగంగా వేడెక్కాలి: కూలర్ ఒక పక్క ఊడిపోవడం, లిక్విడ్ కూలర్ పంపు ఆగిపోవడం, కొత్త కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించడం లాంటివి. లాగ్‌లో సీపీయూ 78, గ్రాఫిక్స్ కార్డు 70, దాని హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) 84 దగ్గర ఆరిపోయి ఉంటే థర్మల్ పేస్ట్ మార్చడం మానేయండి. వేడి నిర్దోషి. ల్యాప్‌టాప్ అయితే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 86 కూడా చూడండి. అది నేరుగా 'వేడి వల్లే ఆపాను' అని చెప్పే ఈవెంట్.

తర్వాత వోల్టేజి. మదర్‌బోర్డు చూపించే '+12వీ' వరుసను గుడ్డిగా నమ్మొద్దు. బోర్డు మీదున్న చిన్న చిప్పు వోల్టేజిని భాగించి కొలిచి, సాఫ్ట్‌వేర్ మళ్లీ గుణించి చూపే లెక్క అది. కొన్ని బోర్డుల్లో గుణకమే తప్పుంటుంది. 12 వోల్ట్ లైను 9 అని చూపిస్తూ పీసీ హాయిగా నడుస్తుంటే తప్పు సెన్సార్‌దే. దానికంటే ఆర్‌టీఎక్స్ 30 సిరీస్, ఆ తర్వాతి కార్డుల్లో కనిపించే 'జీపీయూ 8-పిన్ ఇన్‌పుట్ వోల్టేజ్' వరుస నయం, ఎందుకంటే అది కార్డు తన దగ్గరకు వచ్చిన వోల్టేజినే కొలిచి చెబుతుంది. గేమ్ లేనప్పుడు 12.1, గేమ్‌లో 11.9 అయితే ఫరవాలేదు. గేమ్‌లో 11.5 దాకా జారుతోందంటే కేబులో, కనెక్టరో, ఎస్‌ఎంపీఎసో అలసిపోతోంది. పీసీ ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం మామూలుగా 12 వోల్ట్ లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి.

ఇక దీని అసలు లోటు. గ్రాఫిక్స్ కార్డు కరెంటు లాగే తీరు సాఫీగా ఉండదు. 320 వాట్ల ఆర్‌టీఎక్స్ 3080 లాంటి కార్డు మిల్లీసెకన్ లోపు 400 వాట్ల పైకి ఎగిరి దిగుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అర సెకనుకోసారి చూస్తోంది. పిడుగు పడిన క్షణంలో కన్నార్పిన సాక్షి లాంటిది. లాగ్ అంతా శుభ్రంగా, వేడి తక్కువగా, వోల్టేజి నిలకడగా ఉండి, ఉన్నట్టుండి ఫైలు తెగిపోయిందంటే 'ఏ తప్పూ దొరకలేదు' అని నిరాశపడకండి. వేడి కాదు, ప్రాసెసర్ పరిమితులు కాదు అని తేలింది. ఆ శుభ్రతే ఎస్‌ఎంపీఎస్ వైపు వేలు చూపుతోంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోకు ఐదుకు నాలుగున్నర మార్కులు.

ఓసీసీటీ: స్విచ్ మోడ్ కోసమైనా దించుకోవాలి

ఇది ఫ్రాన్స్‌కు చెందిన అడ్రియాన్ మెనార్ తయారుచేసినది. సొంత వాడకానికి ఉచితం, ఉచిత రకంలో ఒక్కో పరీక్షకు గంట పరిమితి. ఈ జబ్బుకు గంట అక్కర్లేదు, అరగంట చాలు.

పరీక్షలు విడివిడిగా, వరసగా పెట్టాలి. అన్నీ ఒకేసారి పెట్టి పీసీ ఆరిపోయాక 'ఏదో తేడాగా ఉంది' అనుకోవడానికి ఇంత శ్రమ దేనికి? మొదట సీపీయూ పరీక్ష 20 నిమిషాలు. ఇక్కడే ఆరిపోతే ప్రాసెసర్, దాని కూలర్, మదర్‌బోర్డు మీద సీపీయూకు కరెంటిచ్చే భాగం, పైమూలన ఉండే 8 పిన్నుల సీపీయూ పవర్ కేబుల్ ఇవి చూడాలి. ఆ కేబుల్ సగం దిగి, లాక్ క్లిక్ అనకుండా ఉండటం అసెంబుల్డ్ పీసీల్లో తరచూ కనిపించే తప్పు. తర్వాత 'వీర్యామ్' పరీక్ష. ఇందులో ఎర్రర్లు వస్తే కార్డు మెమరీ పాడైనట్టే, ఎస్‌ఎంపీఎస్‌ను వదిలేయండి.

ఆ తర్వాత '3డీ అడాప్టివ్'. దీన్ని 'స్టెడీ'లో కాదు, 'స్విచ్' మోడ్‌లో పెట్టాలి. కార్డు మీద లోడు తగ్గించి ఒక్కసారిగా పెంచుతూ, మళ్లీ తగ్గిస్తూ ఉంటుంది. గేమ్‌లో జరిగేది కూడా ఇదే. లోడింగ్ స్క్రీన్ అయిపోయి ఆట మొదలయ్యే క్షణం, మెనూలో ఫ్రేమ్‌రేటు అమాంతం ఎగిరే క్షణం గుర్తు చేసుకోండి. చాలా పీసీలు సరిగ్గా అక్కడే ఆరిపోతాయి. స్టెడీలో అరగంట నిలిచి స్విచ్‌లో ఐదు నిమిషాలకే ఆరిపోతే, ఎస్‌ఎంపీఎస్ సగటు లోడును మోస్తోంది గానీ కుదుపును మోయలేకపోతోందన్నమాట. ఈ తేడాను ఇంత తేలిగ్గా చూపించేది ఈ నాలుగింటిలో ఇదొక్కటే.

ఆఖరున 'పవర్' పరీక్ష. సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు రెండిటినీ ఒకేసారి పూర్తిగా పిండుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద దీన్ని నడపొద్దు. రక్షణ సర్క్యూట్లు పేరుకే ఉన్న ఎస్‌ఎంపీఎస్ ఆరిపోవడానికి బదులు కాలిపోతుంది, పోతూ పోతూ మదర్‌బోర్డును వెంట తీసుకుపోవచ్చు. లేబుల్ చదివితేనే తెలిసిపోయేదానికి పరీక్ష దేనికి?

ఆ లేబుల్ ఎలా చదవాలంటే, డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 450, 500 అంకెలు వదిలేయండి. 12 వోల్ట్ లైనుకు ఎన్ని ఆంపియర్లో చూడండి. 18 ఆంపియర్లు రాసి ఉంటే 12 × 18 = 216 వాట్లు. ఇప్పటి పీసీలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఈ 12 వోల్ట్ లైనే. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు, ఐ5 12400ఎఫ్ పూర్తి వేగంలో 117 వాట్ల వరకు వెళ్లగలదు. రెండూ కలిపితే 287. ఇక ఆ '500 వాట్ల' మాటేమిటో మీరే చెప్పండి. మంచి కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద 12 వోల్ట్ లైనుకు 45 ఆంపియర్ల దగ్గర కనిపిస్తుంది. ఇంకో వరుస కూడా చూడండి: ఎన్ని డిగ్రీల దగ్గర ఆ వాట్లు ఇస్తుందో. మంచివాటికి 40 లేదా 50 డిగ్రీలని రాస్తారు. విజయవాడ మే నెలలో, ఏసీ లేని గదిలో, గోడకు ఆనించిన క్యాబినెట్ లోపల 40 దాటడం ఎంతసేపు? చలికాలమంతా నడిచి ఏప్రిల్‌లో ఆరిపోవడం మొదలుపెట్టే పీసీల గుట్టు చాలాసార్లు ఇదే.

ఓసీసీటీకి నాలుగు. ఒకటి తగ్గించింది, ఏం చేస్తున్నారో తెలియనివాళ్ల చేతిలో ఇది ప్రమాదకరం కాబట్టి.

ఫర్‌మార్క్ ఎందుకు మోసం చేస్తుంది

"ఫర్‌మార్క్ గంట నడిపా, 70 డిగ్రీలు దాటలేదు, పీసీ ఆరలేదు, కాబట్టి ఎస్‌ఎంపీఎస్ ఓకే." ఈ వాక్యం వందసార్లు చదివి ఉంటారు. ఫర్‌మార్క్ పెట్టే లోడు బండరాయి లాంటిది. కార్డు వెంటనే తన పవర్ పరిమితిని తాకి, క్లాకు తగ్గించుకుని, సమంగా నడుస్తుంది. కుదుపు ఉండదు. కుదుపుకు పడిపోయే ఎస్‌ఎంపీఎస్ ఇందులో హాయిగా పాసవుతుంది. కార్డు కూలింగ్ చూసుకోవడానికి పది నిమిషాలు నడపండి, అంతవరకే.

టెస్టర్ డబ్బా

24 పిన్నుల కనెక్టర్ గుచ్చితే తెర మీద 12.1, 5.0, 3.3 అని చూపించి పీప్ మనే డబ్బా ఇది. చచ్చిపోయిన ఎస్‌ఎంపీఎస్‌ను పట్టుకుంటుంది, అది అబద్ధం కాదు. కానీ మన ఎస్‌ఎంపీఎస్ చచ్చిపోలేదు, బరువెత్తితే కూలబడుతోంది. ఈ డబ్బా దాని నెత్తిన పెట్టే లోడు నామమాత్రం. ఖాళీ లారీ స్టార్ట్ చేసి ఇంజను బాగుందని చెప్పినట్టు. ఆకుపచ్చ తీగనూ నల్ల తీగనూ పేపర్ క్లిప్‌తో కలిపి ఫ్యాను తిరుగుతుందా అని చూసే పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు, దానికి డబ్బులూ అక్కర్లేదు.

అదే డబ్బుతో మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొనండి. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, వాడకంలో లేని నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో నల్ల పిన్నును నల్ల తీగ గొట్టంలో, ఎర్ర పిన్నును పసుపు తీగ గొట్టంలో పెట్టి గేమ్ నడపండి. కేబుళ్లన్నీ నలుపే అయితే రెండు చివర్ల గొట్టాల్లో ఒకటి 12, ఒకటి 5 చూపిస్తుంది, మధ్యవి రెండూ గ్రౌండ్. గేమ్‌లో 11.4 కిందికి పోతే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. మీటరు పిన్నులు ఒకదానికొకటి తగలనివ్వొద్దు, తగిలితే షార్టే. ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

ఏ సాఫ్ట్‌వేరూ చూపించని దొంగ

ఇది నెట్‌లో దొరికే విదేశీ గైడ్లలో పెద్దగా కనిపించదు, మన ఇళ్లలో మాత్రం గట్టిగా పనిచేస్తుంది: యూపీఎస్. చాలా ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ వెనక చూస్తే 360 వాట్లని ఉంటుంది. వీఏ వేరు, వాట్లు వేరు. ఇప్పుడు లెక్క వేయండి. రైజెన్ 5 5600 పూర్తి లోడులో 76 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ 200, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు కలిపి ఒక 50. మొత్తం 326. ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 88 శాతం అనుకుంటే గోడ నుంచి లాగేది 370. మానిటర్ కూడా అదే యూపీఎస్ మీదుంటే 400. బ్రౌజింగ్‌లో ఇదే పీసీ వంద వాట్ల లోపే తాగుతుంది, కాబట్టి రోజంతా బుద్ధిగా ఉంటుంది.

బ్యాటరీ పాతదైతే ఇంకో రకం. కరెంటు పూర్తిగా పోనక్కర్లేదు. వీధిలో ఎవరో మోటారు వేస్తే లైటు ఒక్కసారి మినుక్కుమంటుంది చూడండి, ఆ పాటి దానికే యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది. తక్కువ లోడైతే ముసలి బ్యాటరీ ఆ రెండు సెకన్లు లాక్కొస్తుంది, గేమ్ లోడైతే అక్కడే చతికిలపడుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద పీసీ ఉంటే దాని మోడ్ స్విచ్ చూడండి. 'నార్మల్'లో ఉంటే మారడానికి పట్టే సమయం ఫ్యాన్లకు, లైట్లకు సరిపోతుంది గానీ పీసీకి ఎక్కువ. 'యూపీఎస్' మోడ్‌లో పెట్టాలి. ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లో దాచుకున్న కరెంటుతో నిలబడగలిగేది పూర్తి లోడులో పదీ పదిహేడు మిల్లీసెకన్ల మాట. ఏటీఎక్స్ 3.1లో పూర్తి లోడుకు 12 మిల్లీసెకన్లు ఉంటే చాలన్నారు. లోడు తక్కువగా ఉంటే అదే కెపాసిటర్ ఎక్కువసేపు లాగుతుంది.

పరీక్ష సులువు. యూపీఎస్, స్టెబిలైజర్, జంక్షన్ బాక్స్ అన్నీ పక్కన పెట్టి, ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గులో నేరుగా పెట్టి రెండు రోజులు ఆడండి. ఆగకపోతే దొంగ దొరికాడు. మూడు పిన్నుల పవర్ కార్డు ఎస్‌ఎంపీఎస్ వెనక వదులుగా ఉందేమో కూడా చూడండి. చేత్తో కాస్త కదిపితే ఊగేలా ఉంటే మార్చేయండి, వంద రూపాయల వస్తువు.

కేబుళ్లు, పవర్ లిమిట్

గ్రాఫిక్స్ కార్డుకు రెండు 8 పిన్నుల సాకెట్లు ఉంటే, ఒకే కేబుల్‌కు వేలాడే రెండు తలలూ గుచ్చి పని కానిచ్చేస్తారు. ఒక్కో 8 పిన్ను కనెక్టరుకు ప్రమాణం 150 వాట్లు, స్లాటు నుంచి 75. కార్డు 225 దాటితే రెండు వేర్వేరు కేబుళ్లు లాగాలి. ఈ ఒక్క మార్పుతో బాగుపడిన పీసీలు బోలెడు. వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు మాత్రం ఎప్పుడూ వాడొద్దు. మాడ్యులర్ (ఊడదీసి పెట్టుకునే) కేబుళ్లలో ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకం, సరిపోయినట్టే దిగుతుంది, ఆన్ చేయగానే కాలుస్తుంది. కొత్త కార్డుల 16 పిన్ను కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగిందా, తల దగ్గరే మలుపు తిరిగిందా అన్నది టార్చి వేసి చూడండి.

పైసా ఖర్చు లేని పరీక్ష ఇంకొకటి ఉంది, సాఫ్ట్‌వేర్ ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్. కార్డు ఏ కంపెనీదైనా నడుస్తుంది. 'పవర్ లిమిట్' స్లైడరు 70 శాతానికి దించి, గేమ్‌లో ఫ్రేమ్‌రేటు 60కి కట్టేసి ఆడండి. రోజూ ఇరవై నిమిషాలకు ఆరిపోయే పీసీ ఇప్పుడు మూడు గంటలు నిలిచిందంటే, తప్పు కరెంటు అందించే దారిలోనే ఉంది: ఎస్‌ఎంపీఎస్, కేబుల్, యూపీఎస్, గోడ. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేదాకా ఇలాగే ఆడుకోవచ్చు కూడా. 60కి కట్టేయకుండా పవర్ లిమిట్ ఒక్కటే దించితే తగ్గేది మామూలుగా పదిహేను శాతం లోపు ఫ్రేములే. దించినా అలాగే ఆరిపోతే మాత్రం ర్యామ్, మదర్‌బోర్డు వైపు మళ్లాలి. ఎక్స్‌ఎంపీ తీసేసి, మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ మీద నుంచి నాలుగు రౌండ్లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరాదు.

షాపుకు వెళ్తే

ఇంతా చేసి ఎస్‌ఎంపీఎస్ మీదే అనుమానం నిలిస్తే, ఆఖరి మాట ఏ సాఫ్ట్‌వేరుదీ కాదు, మంచిదని తెలిసిన ఇంకో ఎస్‌ఎంపీఎస్‌ది. స్నేహితుడి దగ్గర 650 వాట్లది ఒక్కరోజుకు తెచ్చుకుని, దాని కేబుళ్లతోనే బిగించి ఆడటమే అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. అది దొరక్కపోతే సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ షాపుల సముదాయంలో, "అన్నా, సర్వీసింగ్ వద్దు, మంచి 650 వాట్లది పెట్టి ఓసీసీటీ స్విచ్ మోడ్‌లో అరగంట నడిపించండి, నిలిస్తే అదే కొంటా" అని అడగండి. ఒప్పుకునే షాపులో కొనండి. లాగ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే "డస్ట్ అన్నా, పేస్ట్ మారుస్తం" అనే మాట వాళ్ల నోటి నుంచి రాదు.

కొత్తది కొనేటప్పుడు ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉన్నది తీసుకోండి. 450 వాట్ల పైబడి, 16 పిన్ను కనెక్టర్ ఉన్నవి ఆ ప్రమాణం ప్రకారం తమ సామర్థ్యానికి రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. మన జబ్బుకు రాసిన మందు చీటీ అది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్రలు కరెంటు బిల్లు సంగతే చెబుతాయి, కుదుపును ఓర్చుకునే సంగతి చెప్పవు. వారంటీ ఐదేళ్లకు తక్కువుంటే వద్దు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, పాత ఎస్‌ఎంపీఎస్ వారంటీలో ఉంటే దాని సీలు చింపకుండా డబ్బాలో పెట్టి ఉంచండి.